చదవడానికి ఎంతసేపు పడుతుంది?

ఒక రచన ఎంత పెద్దది అని అడిగితే మనం పేజీలు చెబుతాం. కథల పోటీలు పెట్టేవారు పదాల్లో చెబుతారు. ఈ మధ్య కొన్ని పత్రికలు, ముఖ్యంగా తెరమీద చదివేవి, శీర్షిక కిందనే "ఐదు నిమిషాల పఠనం" అని వేస్తున్నాయి. చూడటానికి ఇది చిన్న సౌకర్యమే. కాని ఆ సౌకర్యం వెనకనున్న ప్రశ్న చిన్నది కాదు. పాఠకుడు మనకిచ్చేది కాలం. పుస్తకం వెల ఒక్కసారే ఇస్తాడు. అరువు తెచ్చుకుంటే అదీ ఇవ్వడు. కాలం మాత్రం ప్రతి పేజీకీ ఇచ్చుకోవలసిందే. ఆ కాలాన్ని ఎలా లెక్కకట్టాలి, ఎవరి పక్షాన నిలబడి లెక్కకట్టాలి అన్నవి ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయాలు.

నా వాదన ముందే చెప్పేస్తాను. తెలుగు రచన పఠనకాలాన్ని పదాల లెక్కతో కొలవడం తప్పుదారి. అక్షరాల లెక్కతో కొలవాలి. అలా కొలిచాక కూడా వచ్చేది సగం జవాబే. ఆ పాఠకుడికి రోజులో తీరిక ఎంత, మన వాక్యం అతణ్ణి ఎన్నిసార్లు వెనక్కి మళ్ళిస్తుంది అనేవి తెలిస్తేగాని మిగతా సగం పూర్తికాదు. ప్రజలకోసం రాస్తున్నామని చెప్పుకునే రచయితలు ఈ లెక్క నేర్చుకోక తప్పదు.

నిమిషాలు ఎక్కడినుంచి వచ్చాయి

శీర్షిక కింద వేసే నిమిషాల వెనక పెద్ద శాస్త్రమేమీ లేదు. రచనలో ఉన్న పదాలను లెక్కపెట్టి, మనిషి నిమిషానికి చదవగల పదాల సంఖ్యతో భాగిస్తారు. అంతే. 2013 నుంచి ఈ పద్ధతికి బాగా ప్రచారం కల్పించిన "మీడియం" అనే అమెరికన్ వేదిక తాను నిమిషానికి సుమారు 265 పదాల చొప్పున లెక్క వేస్తానని చెప్పుకుంది. చైనీస్, జపనీస్, కొరియన్ భాషలకు మాత్రం పదాలు వదిలిపెట్టి లిపి గుర్తుల లెక్క పెట్టుకుంది. అంటే పదం అన్ని భాషలకూ పనికివచ్చే కొలత కాదని ఆ లెక్క వేసినవారికే తెలుసు. తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిడి ఎవరికీ కలగలేదు.

ఆ భాజకం కూడా ఎంతోకాలం ఊహమీదనే నడిచింది. నిమిషానికి 200 అన్నవారున్నారు, 300 అన్నవారున్నారు. 2019లో బెల్జియం మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ బ్రిస్‌బర్ట్ అంతవరకు జరిగిన 190 పరిశోధనలను కూడదీసి చూశాడు. ఇంగ్లీషు చదివే వయోజనులు మనసులో చదువుకునేటప్పుడు వ్యాసాల్లాంటి రచనలను సగటున నిమిషానికి 238 పదాల చొప్పున, కథలూ నవలలూ అయితే 260 పదాల చొప్పున చదువుతారని తేల్చాడు. పైకి చదివితే ఆ వేగం 183 పదాలకు తగ్గుతుంది. కథ కంటే వ్యాసానికి ఎక్కువసేపు పట్టడానికి ఆయన చెప్పిన కారణం ఇంగ్లీషు వ్యాసాల్లో పదాలు పొడుగ్గా ఉండటం. ఇంగ్లీషులోనే పదం పొడుగు ఇంత తేడా తెస్తుంటే, మాటకు మాట అతుక్కుపోయే మన భాషలో ఏమవుతుందో ఆలోచించండి.

పదం తెలుగుకు కొలబద్ద కాదు

2012లో వెలువడిన ఒక పరిశోధన 17 భాషలవారి చేత సమానమైన పాఠాలను పైకి చదివించి కొలిచింది. ఇంగ్లీషువారు నిమిషానికి సగటున 228 పదాలు చదివారు. టర్కిష్ వారు 166, ఫిన్నిష్ వారు 161. ఇంతమాత్రం చూసి ఫిన్లాండువారు చదువులో మందకొడులని ఎవరైనా అంటే నవ్విపోతారు. అదే పరిశోధనలో పదాలకు బదులు లిపి గుర్తులను లెక్కపెడితే, నిమిషానికి ఫిన్నిష్ వారే ఇంగ్లీషువారికంటే కొంచెం ఎక్కువ చదివారని తేలింది. ఫిన్నిష్, టర్కిష్ భాషల్లో విభక్తులూ ప్రత్యయాలూ మూలపదానికి అతుక్కుపోతాయి. ఒక్కొక్క పదం రెండు మూడు ఇంగ్లీషు పదాల పని చేస్తుంది. అందుకని పదాలు తక్కువ, పదం పొడుగు ఎక్కువ.

ఆ 17 భాషల్లో తెలుగు లేదు. కాని మన భాష స్వభావం ఆ వరసలోదే. "రానివ్వకపోయినట్లయితే" అనేది మనకు ఒక్క పదం. దాని అర్థం ఇంగ్లీషులో చెప్పాలంటే ఆరేడు పదాలు కావాలి. సంధి చేస్తే రెండు పదాలు ఒకటవుతాయి, సమాసం చేస్తే నాలుగు ఒకటవుతాయి. "వెళ్ళిపోయాడట" అని కలిపి రాస్తే ఒక పదం, "వెళ్ళి పోయాడు అట" అని విడదీస్తే మూడు. "1500 పదాలకు మించరాదు" అనే పోటీ నిబంధనకు లోబడటానికి కొందరు కథకులు చేసే పని కూడా ఇదే. కథ తగ్గదు, పదాల మధ్య ఖాళీలు తగ్గుతాయి. చదివేవాడి శ్రమ మాత్రం పెరుగుతుంది.

ఇదేమంత పట్టించుకోవలసిన విషయమా అనుకునేవారికి ఒక ఉదాహరణ. కింది రెండు వాక్యాలు నేనే కట్టినవి. ఇలాంటివి మన పత్రికల్లో రోజూ కనిపిస్తాయి.

మొదటిది: "ఉత్పత్తి సాధనాల యాజమాన్యం కొద్దిమంది చేతుల్లో కేంద్రీకృతమైవుండటంవల్ల శ్రామికజనసామాన్యానికి విశ్రాంతిసమయం కొరవడుతున్నది."

రెండవది: "భూమి, మిల్లు, యంత్రం కొద్దిమంది చేతుల్లో ఉన్నాయి. అందుకే పనిచేసేవాళ్ళకు తీరిక దొరకడం లేదు."

మొదటిదానిలో పదాలు 9, రెండవదానిలో 11. పదాలతో లెక్కవేసే యంత్రం మొదటిదే తొందరగా అయిపోతుందని చెబుతుంది. ఇప్పుడు అక్షరాలు లెక్కపెట్టండి. మొదటిదానిలో 51, రెండవదానిలో 35. గట్టిగా చదివి చూడండి, ఏది ముందు ముగుస్తుందో నోటికే తెలుస్తుంది. పదాల లెక్క ఇక్కడ కొంచెం తేడాగా చెప్పి ఊరుకోలేదు. జవాబునే తలకిందులు చేసింది.

ఈ పొరపాటు సాహిత్యంతో ఆగేది కాదు. 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన "నిపుణ్ భారత్" పథకం మూడవ తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. హిందీ పిల్లవాడి 60 పదాలూ, తెలుగు పిల్లవాడి 60 పదాలూ ఒక్క బరువు కావు. ఆ తర్వాత 2022లో మూడవ తరగతి పిల్లలతో 20 భాషల్లో జరిపిన పఠన పరిశీలనలో ఏ భాషకు ఆ భాషగా వేరువేరు ప్రమాణాలు నిర్ణయించవలసి వచ్చింది. భాష మారితే గడియారం మారుతుందని ప్రభుత్వ లెక్కలు కూడా ఒప్పుకున్నట్లే. తరగతి గదిలో పాఠం చెప్పేవాణ్ణి కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. అన్ని భాషలకూ ఒకే పదసంఖ్య పెడితే, పొడుగు పదాల భాషలో పుట్టినందుకు పిల్లవాడు వెనకబడినవాడుగా కనిపిస్తాడు.

పోనీ కంప్యూటరు చూపించే "క్యారెక్టర్ల" లెక్క తీసుకుందామా అంటే అదీ నమ్మదగింది కాదు. "స్త్రీ" అనేది మన కంటికీ నోటికీ ఒక్క అక్షరం. యంత్రానికి అది ఆరు గుర్తులు: సకారం, దానికింద హలంతం, తకారం, మళ్ళీ హలంతం, రేఫం, దీర్ఘం. మనం లెక్కపెట్టవలసింది నోటికి ఒక్క పలుకులో వచ్చే అక్షరాన్ని.

మన పాతవాళ్ళ లెక్క

నిజానికి ఇది మనకు కొత్త సంగతి కాదు. మన ఛందస్సు మొత్తం పలకడానికి పట్టే కాలాన్ని కొలిచే శాస్త్రం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. మాత్ర అంటే రెప్పపాటు కాలం. పద్యం ఎంతసేపు పలకాలో పద్యంలోనే రాసిపెట్టి ఉంటుంది.

వచనానికి కూడా పాతవాళ్ళకు ఒక కొలత ఉండేది. అనుష్టుప్ శ్లోకానికి అక్షరాలు 32. ఆ 32 అక్షరాల పరిమాణాన్ని "గ్రంథం" అన్నారు. పద్యమైనా గద్యమైనా మొత్తం అక్షరాలను 32తో భాగించి, ఈ పుస్తకం ఇన్ని గ్రంథాలు అని చెప్పేవారు. తాళపత్రాలకు ప్రతులు రాసిపెట్టే లేఖకులకు కూలి ఈ లెక్కనే ముట్టేది. ఒక పుస్తకం ఎంత శ్రమ అన్నది అక్షరాల్లో తేల్చడం శ్రమ చేసేవారి అవసరంలోంచి పుట్టిందన్నమాట.

సంప్రదాయం భాగవతానికి 18,000 శ్లోకాలని చెబుతుంది. దాన్ని ఏడు రోజుల్లో పారాయణ చేసే ఆచారాన్ని సప్తాహమంటారు. శ్లోకానికి 32 చొప్పున మొత్తం 5,76,000 అక్షరాలు, రోజుకు 82 వేల పైచిలుకు. నిమిషానికి 300 అక్షరాలు పలికితే రోజుకు దాదాపు నాలుగున్నర గంటలు. వ్యాఖ్యానం చెబితే ఇంకా ఎక్కువ. సప్తాహమన్నది ఒక పఠనకాలపు అంచనా. ఆ అంచనా ఎవరికి సరిపోయేది? వరసగా ఏడు రోజులు, రోజుకు నాలుగైదు గంటలు కూర్చోగలిగినవాడికి. కోతల రోజుల్లో కూలికి వెళ్ళేవాడికి కాదు. అతని కోసం వేరే కళారూపాలు రాత్రిపూట నడిచాయి. బుర్రకథ, వీధినాటకం పొద్దుగూకాక మొదలయ్యేవి. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినప్పుడు, దాన్ని షేక్ నాజర్ ఊరూరా వినిపించినప్పుడు, ఉద్యమం ప్రజల భాషతోపాటు ప్రజల తీరిక వేళనూ అందుకున్నది. ఆ విజయానికి మనం చెప్పుకునే కారణాల్లో ఈ కారణం ఎందుకో చేరదు.

కన్ను వెనక్కి మళ్ళే చోటు

అక్షరాలు లెక్కపెట్టాం కనుక పని అయిపోయిందా? లేదు. ఒకే అక్షరసంఖ్య ఉన్న రెండు పేజీలు ఒకే కాలంలో పూర్తికావు.

చదివేటప్పుడు కన్ను పంక్తివెంట నీళ్ళలా సాగిపోదని, గెంతుతూ ఆగుతూ పోతుందని 1879లో పారిస్ నగరంలో ఎమిల్ జావాల్ ప్రకటించిన పరిశీలనల నాటినుంచి తెలుసు. ఆగిన ప్రతిచోటా సుమారు పావు సెకను నిలుస్తుంది. ఆ నిలకడలోనే మనం చదివేది. ఇంగ్లీషు పాఠకుల మీద జరిగిన పరిశోధనల ప్రకారం ఈ గెంతుల్లో నూటికి పది పదిహేను వెనక్కే వెళతాయి. వాక్యం కష్టమైనకొద్దీ వెనక్కి మళ్ళడం పెరుగుతుంది. దీన్ని చూసి కొందరు, కన్ను వెనక్కి పోకుండా అలవాటు చేస్తే వేగం రెండింతలు మూడింతలు చేస్తామని శిక్షణల వ్యాపారం పెట్టారు. ఈ రంగంలో జీవితమంతా పనిచేసిన కీత్ రేనర్, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన సమీక్ష ఆ భ్రమను తీర్చేసింది. వేగం పెంచితే అవగాహన తగ్గుతుంది. వెనక్కి చూడటం దురలవాటు కాదు, అర్థం చేసుకోవడంలో అది ఒక భాగం.

విమర్శకులకూ రచయితలకూ ఇక్కడే అసలు పని ఉంది. పాఠకుడు వెనక్కి రెండు కారణాల వల్ల మళ్ళుతాడు. భావం కొత్తదై, బరువైనదై ఆగి ఆలోచించవలసి వస్తే మళ్ళుతాడు. కర్త ఎక్కడో క్రియ ఎక్కడో ఉండి, వాక్యం కొస దొరక్క మళ్ళుతాడు. మొదటిరకం ఆలస్యం సాహిత్యానికి గౌరవం. రెండవరకం ఆలస్యం పాఠకుడి జేబులోంచి రచయిత కొట్టేసిన డబ్బు.

పైన ఇచ్చిన రెండు వాక్యాలనే మళ్ళీ చూద్దాం. "ఉత్పత్తి సాధనాలు" అన్న మాటను "భూమి, మిల్లు, యంత్రం" అని మార్చాను. ఇందులో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ఉత్పత్తి సాధనాలు అనేది ఒక భావన. భూమి, మిల్లు, యంత్రం ఆ భావనకు మూడు ఉదాహరణలు మాత్రమే. రాజకీయ అర్థశాస్త్రం చెప్పే వ్యాసంలో ఆ భావన లేకుండా ఒక్క అడుగు వేయలేం. అక్కడ ఆ మాట వాడవలసిందే. ఒకసారి ఆగి వివరించవలసిందే. అందుకు పాఠకుడు ఇచ్చే కాలం అతనికి తిరిగి ముడుతుంది. "కేంద్రీకృతమైవుండటంవల్ల", "శ్రామికజనసామాన్యానికి" అనే మాటల్లో ఏ భావనా లేదు. "చేతుల్లో ఉన్నాయి", "పనిచేసేవాళ్ళకు" అంటే పోయేదేమీ లేదు. మన విమర్శ వ్యాసాల్లో బరువంతా భావాలదే అనుకోవడం ఆత్మవంచన. చాలాచోట్ల ఆ బరువు సమాసాలది.

గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం చేసిన పోరాటాన్ని కూడా ఈ దృష్టితో చూడవచ్చు. 1919లో "తెలుగు" అనే పత్రిక పెట్టి ఆయన వాదించిన వాదాన్ని మనం భాషా వివాదంగానే చదువుతాం. దాని అడుగున ఉన్నది కాలం. నిత్యం మాట్లాడని భాషను నేర్చుకోవడానికి విద్యార్థి ఏళ్ళు ఖర్చుపెట్టాలి. ఆ ఏళ్ళు ఖర్చుపెట్టగలిగినవాడే చదువరి అవుతాడు. వాడుక భాష వచ్చాక ఆ అడ్డు తొలగింది. తొలగిన అడ్డును మనం పరిభాష పేరుతో మళ్ళీ తెచ్చి దారిలో పెట్టకూడదు.

ఎవరి తీరిక?

పారిశ్రామిక సమాజంలో గడియారం రెండు చేతుల్లో ఉంటూ వచ్చింది. అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ స్టాప్‌వాచ్ పట్టుకుని కార్మికుడి పనిని సెకన్లుగా కోశాడు. తన సూత్రాలను 1911లో పుస్తకంగా ప్రచురించాడు. ఆ గడియారం యజమానిది. అంతకు పాతికేళ్ళ ముందే, 1886 మేలో, షికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం వీధిలోకి వచ్చారు. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, మిగిలిన ఎనిమిది గంటలు మావి అన్నది ఆ నాటి కోరిక. ఆ గడియారం శ్రామికుడిది. చదువుకోవడం ఆ మూడవ భాగంలోనిది. కనుక పఠనకాలం గురించి మాట్లాడటమంటే పనిదినం గురించి మాట్లాడటమే.

ఆ మూడవ భాగం మన దేశంలో ఎవరి దగ్గర ఎంత మిగిలింది? కాలవినియోగం మీద కేంద్ర గణాంక సంస్థ 2019లో జరిపిన సర్వే ప్రకారం, కూలి లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు అందులోనే గడిపారు. పాల్గొనే పురుషులు 97 నిమిషాలు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. ఐదేళ్ళలో స్త్రీకి తగ్గింది పది నిమిషాలు. పురుషుడూ తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నాడు కనుక మధ్యనున్న అగాధం అలాగే ఉంది. ఇక ఉద్యోగాల సంగతి. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పదిగంటల వరకు పని చేయించుకోవచ్చునని, వారానికి 48 గంటలు దాటరాదని ఉత్తర్వు ఇచ్చింది. వారం మొత్తం మీద లెక్క మారకపోవచ్చు. కాని పదిగంటలు పనిచేసి, రెండు గంటలు బస్సుల్లో తిరిగి ఇల్లు చేరినవాడు ఆ రాత్రి పుస్తకం తెరవడు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. పేజీకి 30 పంక్తులు, పంక్తికి 22 అక్షరాలు అనుకుంటే పేజీకి 660 అక్షరాలు. రెండు వందల పేజీల నవలకు 1,32,000. అలవాటు తక్కువైన పాఠకురాలు నిమిషానికి 300 అక్షరాలు చదువుతుందనుకుంటే 440 నిమిషాలు, అంటే ఏడు గంటల ఇరవై నిమిషాలు. సెలవు దొరికిన అధ్యాపకుడికి అది ఒక్క రోజు. రోజుకు ఇరవై నిమిషాలు చిక్కే గృహిణికి 22 రోజులు. నవల అదే, అక్షరాలు అవే. ఒకరు ఒక్క ఊపున చదివారు, మరొకరు ఇరవైరెండు సార్లు పుస్తకం మూసి, ఇరవైరెండు సార్లు "ఎక్కడ ఆపాను?" అని వెతుక్కుని చదివారు. ఈ ఇద్దరికీ కలిగే అనుభవం ఒకటే అనుకుని శిల్పం గురించి చర్చిస్తే ఆ చర్చ మొదటి పాఠకుడి తరఫునే సాగుతుంది.

ఈ విషయాన్ని మనకంటే ముందు పసిగట్టినవారు వారపత్రికల సంపాదకులు. 1960లలో, 70లలో సీరియల్ నవలలను లక్షలమంది స్త్రీలు ఎందుకు చదివారన్న ప్రశ్నకు మన విమర్శ ఇచ్చిన సమాధానం ఎక్కువగా వస్తువు గురించే: కలల రాజకుమారులు, మేడలు, కార్లు. ఆ విమర్శ న్యాయమైనదే. అయితే ఇంకో కారణం కూడా ఉంది. వారంవారం వచ్చే ఆ నాలుగైదు పేజీలు మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక దొరికే ఖాళీలో సరిగ్గా పట్టేవి. పాఠకురాలి రోజును కొలిచి కుట్టిన కొలత అది. వస్తువును తిరస్కరించడంలో మనం ఆ కొలతను కూడా పారేశాం.

పాఠకుడి కాలం ఉన్నచోటికి పుస్తకాన్ని తీసుకువెళ్ళిన మంచి సంప్రదాయం కూడా మనకుంది. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిపించాడు. పడవ ప్రయాణం నెమ్మది. అందులో కూర్చున్న రైతుకూ కూలికీ ఆ కాసేపు వేరే పని లేదు. ఊళ్ళో గ్రంథాలయానికి రాలేని మనిషికి కాలువ మీద తీరిక ఉందని ఆయన గుర్తించాడు. పుస్తకాలు ఎంచేటప్పుడూ, రాసేటప్పుడూ, అచ్చువేసేటప్పుడూ మనం అడగవలసిన ప్రశ్న అదే: నా పాఠకుడికి తీరిక ఎప్పుడు, ఎక్కడ, ఎంత?

అయితే అన్నీ పొట్టిగా రాయాలా?

ఈ వాదనను ఇక్కడిదాకా ఒప్పుకున్నవారికి ఒక సందేహం రావాలి. పాఠకుడికి తీరిక లేదు కనుక అన్నీ మూడు నిమిషాల్లో అయిపోయేట్లు రాయమంటున్నానా? అలాగైతే మార్కెట్టు చెప్పేదానికీ నేను చెప్పేదానికీ తేడా ఏమిటి?

తేడా ఉంది. మార్కెట్టు పఠనకాలాన్ని కొలిచేది పాఠకుణ్ణి ఎంతసేపు తన దగ్గర ఉంచుకోవచ్చో, ఆ సేపట్లో ఎన్ని ప్రకటనలు చూపించవచ్చో తెలుసుకోవడానికి. దానికి చదివినదేమిటన్నదాంతో నిమిత్తం లేదు. శ్రామికుడికి తీరిక కరువు కావడాన్ని అది మార్చలేని వాస్తవంగా తీసుకుని, ఆ కరువుకు తగిన సరుకు తయారుచేస్తుంది. ఎనిమిది గంటల కోసం పోరాడినవాళ్ళ వారసులు ఆ కరువును ఒప్పుకోరు. మిగిలిన ఎనిమిది గంటలూ మావే అన్నవాడికి పెద్ద నవల చదివే హక్కు కూడా కావాలి. పొట్టి రచనలే ప్రజలకు చాలునని అనడం ప్రజలను పొట్టివాళ్ళను చేయడమే.

కనుక రచయిత తగ్గించవలసింది నిడివిని కాదు, వృథాను. మహానవల అవసరమైతే మహానవలే రాయాలి. కాని ప్రకరణాలు ఎక్కడ ఆగుతాయో, ఆగినచోట మర్నాడు మళ్ళీ అందుకోవడానికి ఒక కొస వదిలామా లేదా అన్నది చూసుకోవాలి. సిద్ధాంత వ్యాసం ఇరవై పేజీలు కావలసివస్తే ఇరవై పేజీలూ రాయాలి. అందులో ప్రతి పేజీ పాఠకుణ్ణి ఆలోచన దగ్గర ఆపాలి, వ్యాకరణం దగ్గర ఆపకూడదు. కవి నాలుగు పంక్తులు రాసి పాఠకుణ్ణి నాలుగు రోజులు ఆపగలడు. ఆ ఆలస్యాన్ని ఏ భాజకమూ లెక్కకట్టలేదు, కట్టనక్కరలేదు కూడా.

ఆచరణలో చెయ్యవలసినవి కొన్నే. మీ రచనలో ఏవైనా పది పంక్తులు తీసుకుని అక్షరాలు లెక్కపెట్టండి. వత్తు ఉన్నా, దీర్ఘం ఉన్నా, సున్న ఉన్నా ఒక పలుకు ఒక అక్షరం. సగటు కట్టి మొత్తం పంక్తులతో హెచ్చించండి. తరవాత రచనను ఒక నిమిషం పైకి చదివి ఎన్ని అక్షరాలు పలికారో చూడండి. మీ రచనను మీరే చదువుతున్నారు కనుక వచ్చే అంకె ఎక్కువగానే ఉంటుంది. అందుకని అదే పేజీని మన సంఘాల్లో లేని మనిషి చేత చదివించండి. పక్కింటి ఇంటర్మీడియెట్ అమ్మాయి కావచ్చు, ఆటో నడిపే స్నేహితుడు కావచ్చు. గడియారం చూడకండి, వాళ్ళ నోరు చూడండి. ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకున్నారో పెన్సిలుతో గుర్తు పెట్టండి. గుర్తు పెట్టిన ప్రతిచోటా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ ఆపింది నా భావమా, నా వాక్యమా? భావమైతే ఉంచండి. వాక్యమైతే కొట్టేసి మళ్ళీ రాయండి.

పోటీలూ సంకలనాలూ నిర్వహించే మిత్రులకు ఒక విన్నపం. నిడివికి హద్దు పెట్టక తప్పదనుకుంటే ఆ హద్దును అక్షరాల్లో పెట్టండి. పదాల్లో పెట్టిన హద్దు సంధులనూ సమాసాలనూ పెంచుతుంది. అక్షరాల్లో పెట్టిన హద్దు అనవసరపు మాటను తీసేయిస్తుంది. మన లేఖకులు ఎప్పుడో కనిపెట్టిన కొలత అది. ఈ రోజు యంత్రాలు కూడా ఆ పని క్షణంలో చేసిపెడతాయి.

పగలంతా ఒళ్ళు వంచి పనిచేసి రాత్రి దీపం కింద మన పుస్తకం తెరిచే మనిషి ఆ రోజు తనకంటూ మిగిలిన దానిలో కొంత మనకిస్తున్నాడు. అతనికి ఆ అరగంట ఎలా మిగిలిందో, దాన్ని మిగుల్చుకోవడానికి అతని ముందుతరాలు ఏం చెల్లించాయో తెలిసిన రచయిత ఒక్క పంక్తి కూడా ఊరికే రాయడు.